ఆయిల్ మార్చాక గేరు మొరాయిస్తోందా?

శనివారం నా పికప్ ట్రక్‌కి ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఫిల్టర్ నేనే మార్చాను. ఆదివారం పొద్దున రివర్స్ వేస్తే బండి కదల్లేదు. మూడు సెకన్లు ఆగి, ఒక్క కుదుపుతో వెనక్కెళ్లింది. రోడ్డెక్కాక రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది గానీ వేగం పెరగట్లేదు.

ఇక్కడ డాలస్‌లో ఓ షాపుకి ఫోన్ చేశా. బండి చూడకుండానే ‘ట్రాన్స్‌మిషన్ పోయినట్టుంది, రీబిల్డ్‌కి నాలుగు వేల డాలర్లు’ అన్నారు. గుండె గుభేల్‌మంది.

ఊళ్లో లారీలు నడిపిన మా బాబాయ్‌కి వాట్సాప్ కాల్ చేశా. ‘ఆటోమేటిక్ గేర్లు నాకు తెలీవురా. మొన్నటిదాకా బాగున్న బండే కదా! ఆఖరున దేని మీద చెయ్యి పెట్టావో అక్కడే చూడు’ అన్నాడు. నిజమే. ఆఫీసులో కొత్త కోడ్ పెట్టాక యాప్ ఆగిపోతే మేం ముందు చూసేది ఆ కోడ్‌నే.

ముందు లెవెల్ చూడండి

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని అరుగుదల తగ్గించడం ఒక్కటే కాదు. లోపలి క్లచ్ ప్లేట్లను బిగించేది కూడా ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. గేరు ఆలస్యంగా పడుతుంది, జారుతుంది. ఎక్కువైనా ముప్పే. తిరిగే భాగాలు చిలికేసి నురగ చేస్తాయి.

నా తప్పు ఇక్కడే దొరికింది. ఇంజిన్ ఆపేసి డిప్‌స్టిక్ చూశాను. ఆపినప్పుడు పైనున్న ఆయిల్ కిందికి దిగి, లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది. మాన్యువల్ ప్రకారమైతే బండి చదునైన చోట ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఆయిల్ వేడెక్కాలి. బ్రేక్ తొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి, పార్క్‌లో పెట్టి చూడాలి. అలా చూస్తే డిప్‌స్టిక్ కొస మాత్రమే తడిసింది. తీసిన పాత ఆయిల్ కొలిస్తే ఐదు క్వార్ట్‌లు. నేను పోసింది మూడున్నర! క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ. కొంచెం కొంచెం పోస్తూ, మళ్లీ మళ్లీ చూస్తూ లెవెల్ సరిచేశాను. రివర్స్ వెంటనే పడింది.

కొత్త బండ్లు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కింద ప్లగ్ విప్పి, కంపెనీ చెప్పిన ఆయిల్ వేడి దగ్గర చూడాలి.

లెవెల్ బాగున్నా తగ్గకపోతే?

ఆయిల్ రకం: డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, ఏటీఎఫ్ ప్లస్ 4 ఎర్రగానే ఉంటాయి, కానీ ఒకటి కావు. తప్పు రకం పోస్తే ఓ వేగం దగ్గర బండి గతుకుల మీద వెళ్తున్నట్టు వణకొచ్చు.

ఫిల్టర్ సీల్: పాత సీల్ లోపలే ఉండిపోయినా, కొత్తది సరిగ్గా కూర్చోకపోయినా పంపు గాలి పీల్చి కూత పెడుతుంది.

వైర్లు, కోడ్‌లు: ఏదైనా కనెక్టర్ వదులైందేమో చూడండి. ఓబీడీ స్కానర్ పెట్టండి. పీ0700 అంటే ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ ఏదో లోపం గుర్తించిందని మాత్రమే. అసలు కోడ్ విడిగా ఉంటుంది. పీ0741 టార్క్ కన్వర్టర్ క్లచ్‌కి సంబంధించింది.

గేరు జారుతుంటే మాత్రం ‘అదే సర్దుకుంటుందిలే’ అని నడపొద్దు. క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి. మా షాపు మాట అప్పుడు నిజమవుతుంది! తీసిన ఆయిల్ మాడు వాసన వచ్చినా, ప్యాన్‌లో లోహపు ముక్కలు కనిపించినా మెకానిక్ దగ్గరికెళ్లాల్సిందే. అయస్కాంతానికి అంటిన సన్నటి బూడిదరంగు పొడికి మాత్రం భయపడక్కర్లేదు.

మన ఊళ్లలో తిరిగే ఏఎంటీ, సీవీటీ, డీసీటీ కార్లకు ఆయిల్ వేరు, లెవెల్ చూసే పద్ధతీ వేరు. మీ బండి మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చదవండి. పోసేముందు, తీసిన ఆయిల్ కొలవండి. నేను ఆ ఒక్క పని చేసుంటే ఆదివారం హాయిగా నిద్రపోయేవాణ్ని.