గ్రామచరిత్ర భాండాగారము – ఇంటింటి దానము

మన గ్రామములకు చరిత్ర లేదని పలువురు తలంచుచుందురు. కోటలు, రాజసభలు, యుద్ధభూములు మాత్రమే చరిత్రకు స్థానములని నమ్ముటచే కలిగిన అభిప్రాయ మిది. అటకమీది పెట్టెలో పడియున్న కౌలు కాగితము, శిస్తు రశీదు, ధాన్యపు లెక్కల పుస్తకము, పంచాంగపు అంచున తాతగారు వ్రాసికొన్న వానల వివరము – ఇవి యన్నియు చరిత్రయే. ఏ యేట కఱవు వచ్చినదో, పుట్టి ధాన్యము ఎంతకు అమ్మినదో, పాలేరునకు ఎన్ని కుంచముల గింజలు కొలిచిరో చెప్పునవి ఇవియే. వీనిని ఒకచోట చేర్చి కాపాడు చరిత్ర సంఘములు ప్రతి ప్రాంతమున వెలయవలెనని మా కోరిక.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. కాలిన్ మెకంజీ దొర (1754–1821) కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును, వారి తోడివారును గ్రామకరణముల కవిలెలనుండి ఎత్తి వ్రాయించిన వృత్తాంతములే నేడు మనము కైఫీయతులని పిలుచునవి. ఊరి కవిలె నశించినను కైఫీయతు నిలిచియున్న గ్రామము తన పూర్వవృత్తాంతమును నేటికిని చదువుకొనగలుగుచున్నది. తరువాతి కాలమున ప్రజలే ఈ పనికి పూనుకొనిరి. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో చెన్నపట్టణమున నెలకొనిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తాళపత్ర గ్రంథములను సేకరించెను. 1918లో వేటపాలెమున ఆరంభమైన సారస్వత నికేతనము పాతపత్రికలను భద్రపఱచి, దూరప్రాంతముల పరిశోధకులను తన యొద్దకు రప్పించుకొనుచున్నది. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసి శాసనములను ప్రకటించెను. ఇవి యన్నియు సర్కారు ఉత్తరువుచే పుట్టినవి కావు. ప్రజల పూనికచే పుట్టినవి.

ఇప్పుడు ఆలస్యమునకు తావు లేదు. 1984లో కరణము పదవులు రద్దయిన పిదప ఆ కుటుంబముల యిండ్లలో మిగిలిన పాతకాగితములను అడుగువారు లేకపోయిరి. పిల్లలు పట్టణములకు చేరుచున్నారు. పెంకుటిండ్లు పడగొట్టి మేడలు కట్టుచున్నారు. చెదలు నూఱేండ్లలో తినలేనిదానిని ఇల్లు పడగొట్టినవారు ఒక్క దినమున పెంటదిబ్బ పాలు చేయుచున్నారు.

అయినను కాగితము నిచ్చుటకు రైతు సంశయించును. ఆ సంశయము అకారణము కాదు. భూమి కాగితము పరహస్తమున బడిన వ్యాజ్యము వచ్చునేమో యని ఒక భయము. అప్పుపత్రము బయటబడిన ఇంటి పరువు పోవునేమో యని మఱియొక భయము. ఈ రెంటిని తీర్పని చరిత్ర సంఘమునకు ఎవ్వరును ఏమియు ఈయరు. ఇందుకు సహకార సంఘమున మనము నేర్చిన క్రమమే చాలును.

మొదటిది: రశీదు లేని జమ జమ కాదు. తెచ్చిన ప్రతి వస్తువునకు సంఖ్య వేసి, దాత పేరు, గ్రామము, వస్తువు ఆ యింటికి వచ్చిన విధము, తేదీ ఒక పుస్తకమున వ్రాసి, దాతకు రశీదు ఈయవలెను.

రెండవది: నిబంధనలు ముందే వ్రాసికొనవలెను. శాశ్వతముగా ఇచ్చుట, కొంతకాలము భద్రతకు ఇచ్చుట, నకలు తీయించి మూలమును మరల తీసికొనుట – ఈ మూడింటిలో ఏది యగునో దాతయే నిర్ణయింపవలెను. భూమి హక్కుపత్రముల మూలములు ఇంటనే యుండవలెను. నకలు మాత్రమే సంఘమునకు చాలును.

మూడవది: అప్పుపత్రములు, తగవుల తీర్పులు మున్నగువానిని దాత కోరినంత కాలము మూసి యుంచవలెను. అందు పేర్లున్న ఇతర కుటుంబముల మర్యాదయు కాపాడవలెను.

నాల్గవది: ఏటేట సర్వసభ్య సమావేశమున వస్తువుల పట్టికను చదివి, అన్నియు ఉన్నవో లేవో లెక్క చూపవలెను.

ఇంకొక సంగతి గలదు. కాగితములు పెద్దయిండ్లలోనే యుండును. భూమి లేనివారి పేరు ఆసామి లెక్కపుస్తకమున ఒక పంక్తిగానో, పత్రముక్రింద ఒక వ్రేలిముద్రగానో మాత్రమే కనబడును. పెద్దయిండ్ల పెట్టెలతోనే భాండాగారము నింపిన, ఊరిలో సగముమంది చరిత్ర లేనివా రగుదురు. కావున నాట్లు వేసిన స్త్రీలు, చెఱువు త్రవ్విన కూలీలు, పశువుల కాపరులు, కుమ్మరులు, నేతగాండ్రు చెప్పు సంగతులను వారి మాటలలోనే వ్రాసికొని, వారి సమ్మతితో కంఠధ్వనిని కూడ ముద్రించి దాచవలెను. వారి మాటయు దానమే. దానికిని రశీదు ఈయవలెను.

కాపుదల విషయమున కొన్ని జాగ్రత్తలు చెప్పెదము. పాతకాగితములను ఎండలో నుంచరాదు. చినిగినచోట జిగురుపట్టీలు అంటింపరాదు. కొన్నేండ్లకు ఆ జిగురే కాగితమును పాడుచేయును. కట్టను విప్పినప్పుడు కాగితముల వరుసను మార్పరాదు. ఆ వరుసయే ఒక సాక్ష్యము. ఛాయాపటము వెనుక మెత్తని పెన్సిలుతో అందలి వారి పేర్లు, ఊరు వ్రాయవలెను. పేర్లు తెలిసిన వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను. తాటాకులను చెక్కపలకల నడుమ నుంచి గుడ్డతో చుట్టి, తేమ తగులని చోట నుంచవలెను. చేతి ఫోనుతో నకలు తీసినను మూలమును పాఱవేయరాదు.

దున్నునప్పుడు భూమిలో దొరకిన రాగిరేకులు, నాణెముల విషయము వేఱు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ననుసరించి, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవారు కలెక్టరునకు తెలుపవలెను. దానిని తోమరాదు, కరగింపరాదు, అమ్మరాదు. దొరకిన చోటును, లోతును గుర్తు పెట్టుకొనుటయే రైతు చేయదగిన గొప్ప సాయము.

రైతుసోదరులారా, సోదరీమణులారా! చిన్న చిన్న వాటాలు కూడియే సహకార సంఘమునకు మూలధన మేర్పడుచున్నది. చరిత్ర భాండాగారమును అట్టిదే. ఒక్క రశీదు ఒక్కటిగా చూచిన చిత్తుకాగితము. నూఱిండ్ల రశీదులు కూడిన అది ఊరి కథ. మన సంఘముల పాత తీర్మానముల పుస్తకములతోనే ఈ పని ఆరంభింపవచ్చును. ఈ వేసవిలో పనులు తగ్గినప్పుడు అటక దింపి పెట్టె తెఱచి చూడుడు. ఏ కాగితమునైనను పొయ్యిలో వేయుటకు ముందు ఇంటి పెద్దలను ఒక్కమాట అడుగుడని మేము వేడుచున్నాము.