ప్రయాణ ప్రార్థనకు ముందు

మన సంఘాలలో ఎవరైనా మోటారు సైకిలు కొంటే ముందుగా మందిరం దగ్గరకే తీసుకొస్తారు. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయరు. "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారు. నేనూ బండి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి పంపేవాణ్ణి. ఇప్పటికీ చేస్తాను. కాని 2018 నుంచి ముందొక ప్రశ్న అడుగుతున్నాను: "హెల్మెట్లు ఎన్ని కొన్నారు?" చాలామంది ఒకటే అంటారు. కొందరు నవ్వి ఊరుకుంటారు. రెండు లేకపోతే, రెండోది కొని తెచ్చాక చేద్దామని పంపేస్తాను. ఇది కొందరికి కష్టంగా తోచింది. ప్రార్థనకు కూడా షరతులా అని మా సంఘ పెద్ద ఒకాయన కమిటీలోనే అడిగారు. ఆయనకు నేనేమీ వాదన చెప్పలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు నా భార్య ఎడమ చేత్తో కాఫీ గ్లాసు అందించడం ఆయన చూశారు, అంతే.

2018 ఫిబ్రవరిలో మేమిద్దరం దూరాన ఒక ఊళ్ళో మూడు రాత్రుల సువార్త కూటములు ముగించుకొని, భోజనాలయ్యాక రాత్రి పదకొండు గంటలకు బయలుదేరాము. ఇంటికి 140 కిలోమీటర్లు. "ఈ రాత్రికి ఇక్కడే పడుకోండి" అని ఆ ఊరివారు బ్రతిమాలారు. మర్నాడు ఆదివారం గనుక ఆరాధన వేళకు ఇల్లు చేరాలన్నది నా పట్టుదల. మూడు రాత్రులుగా సరిగా నిద్ర లేదు. జలుబుకని పగలు ఒక మాత్ర కూడా వేసుకున్నాను. ఆ రకం మాత్రలు మత్తు తెస్తాయని నాకు తెలియక కాదు, ఆ సమయానికి జ్ఞాపకం రాలేదు. కునుకు పట్టినట్లు కూడా నాకు తెలియలేదు. కల్వర్టు గోడ తగిలాకే కళ్ళు తెరిచాను. నా తలకు హెల్మెట్ ఉంది. ఆమె తలకు లేదు. నుదుట ఏడు కుట్లు, కుడి మోచేతిలో రాడ్డు. ఈనాటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు, బిందె ఎత్తలేదు. ఆ రాత్రి కూడా మేము ప్రార్థన చేసుకొనే బయలుదేరాము. తప్పు ప్రార్థనలో లేదు, పదకొండు గంటలకు కిక్కు కొట్టిన నాలో ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పల్లెల నుంచి హైదరాబాదుకు పనులకు వెళ్ళిన పిల్లలు క్రిస్మస్‌కు, సంక్రాంతికి బండ్ల మీదే ఇళ్ళకు రావడం బాగా అలవాటైంది. పండుగ ముందు బస్సుల్లో సీట్లు దొరకవు, రైళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. 2023 నవంబరు చివర మా సంఘపు యువకుడొకడు ఫోను చేశాడు. అతను హైదరాబాదులో కరెంటు పని చేస్తాడు. భార్య, మూడేళ్ళ పాప అతనితోనే ఉంటారు. మా ఊరు ఒంగోలుకు దగ్గర. "అయ్యగారూ, ఈసారి ముగ్గురం బండి మీదే వచ్చేస్తాం. పెట్రోలుకు ఏడెనిమిది వందలు చాలు, హైవే మీద బండ్లకు టోలు కూడా లేదు. బస్సయితే ముగ్గురికి రానూ పోనూ ఎంతవుతుందో మీరే చూడండి" అన్నాడు. లెక్క తప్పేమీ కాదు. దాదాపు 330 కిలోమీటర్ల దారి. అతని వంద సి.సి. స్ప్లెండర్ లీటరుకు 55 ఇచ్చినా ఆరు లీటర్లు. అప్పటికి లీటరు దాదాపు 110 రూపాయలు.

వద్దని ఒక్క మాట అంటే మర్నాటి నుంచి నాకు చెప్పకుండా వస్తాడు. పిల్లల సంగతి మనకు తెలియనిది కాదు. అందుకని "సరే నాయనా, కాగితం పెన్నూ తెచ్చుకో, కలిసి లెక్క వేద్దాం" అన్నాను. ఆ వారంలో నాలుగుసార్లు ఫోనులో మాట్లాడుకున్నాము.

మొదట పాప సంగతి. పాపను ఎక్కడ కూర్చోబెడతావంటే, "ముందు ట్యాంకు మీద" అన్నాడు. మనమందరం చేసే పనే అది. బండి దేనికైనా గుద్దుకుంటే వెనకనున్న పెద్దవాళ్ళ బరువంతా ముందున్న పసిబిడ్డ మీద పడుతుందని ఒక్క క్షణం ఆలోచించము. నాలుగేళ్ళలోపు పిల్లలను బండి మీద తీసుకువెళ్ళేటప్పుడు ఏం చేయాలో కేంద్ర ప్రభుత్వం 2022లో నియమం చేసింది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అది అమలులో ఉంది. బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఇది చదివి వినిపించి, "ఇప్పుడు 330ని 40తో భాగించు" అన్నాను. ఎనిమిది గంటల పైన వచ్చింది. ఎక్కడా ఆగకుండా, ఎద్దుబండి అడ్డం రాకుండా, పాప ఒక్కసారి కూడా ఏడవకుండా అయితే ఆ లెక్క. అతని భార్య పక్కనే ఉండి వింటున్నట్లుంది. "మేమిద్దరం బస్సుకే వస్తాం అయ్యగారూ" అని ఆ అమ్మాయి గొంతు వినిపించింది. టిక్కెట్టు ఆ రాత్రే తీసుకున్నారు. అతనికి మాత్రం బండి కావాలి. పండుగ నాలుగు రోజులూ ఊళ్ళో తిరగాలి కదా.

అయినా అంత సులభంగా ఒప్పుకోలేదు. "లాక్‌డౌనులో ఆ టీచరమ్మ స్కూటీ మీద నెల్లూరు పోయి కొడుకుని తెచ్చుకోలేదా?" అన్నాడు. 2020 ఏప్రిల్ నాటి సంగతి అది. పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. నిజామాబాదు జిల్లా బోధన్‌కు చెందిన ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, నెల్లూరు జిల్లాలో చిక్కుబడిపోయిన కొడుకు కోసం స్కూటీ మీద రానూ పోనూ దాదాపు 1400 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. ఆ తల్లిని తలచుకుంటే నాకూ కళ్ళు చెమరుస్తాయి. అయితే ఆమె ధైర్యాన్ని మాత్రమే చెప్పుకొని, ఆమె ముందుచూపును వదిలేస్తున్నామని అతనితో అన్నాను. పోలీసు అధికారి దగ్గర లెటరు తీసుకుంది, రొట్టెలు కట్టుకుంది, మూడు రోజులు పట్టనిచ్చింది. మనవాళ్ళు ఆ కథ చెప్పేటప్పుడు 1400 అంటారు గాని మూడు రోజులు అనరు.

తర్వాత బండి. ప్రయాణానికి ముందురోజు సర్వీసింగుకు ఇవ్వడం మన అలవాటు. అది మంచిది కాదు. విప్పి బిగించిన బండిలో ఎక్కడో ఒక నట్టు వదులుగా ఉండిపోతుంది. అది దారిలో బయటపడేకన్నా ఊళ్ళోనే బయటపడడం మేలు. కనీసం పది రోజుల ముందు చేయించి, ఆ పది రోజులూ పనికి దాని మీదే తిరగాలి. ఇంజన్ ఆయిలు మార్చాలి. చైను లూజు చూసుకొని, మరీ బిర్రుగా కూడా బిగించకుండా, నూనె పట్టించాలి. టైరు గాట్లు అరిగి నున్నగా ఉంటే ఇంకో నెల వస్తుందిలే అనుకోకూడదు. గాలి బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే పట్టించాలి. క్లచ్ వైరు, ప్లగ్గు, హెడ్‌లైటు బల్బు, వెనక చక్రానికి ఒక ట్యూబు, ఇవన్నీ కలిపినా చిన్న సంచిలో పడతాయి. పంక్చరు వేసే కుర్రాడు ప్రతిచోటా ఉంటాడు గాని, మన సైజు ట్యూబు ప్రతిచోటా ఉండదు.

సామాను గురించి ఒక మాట. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు బట్టల సంచి ఒకటే. తిరిగి వెళ్ళేటప్పుడే బియ్యం, అరిసెలు, పచ్చడి జాడీలు. హ్యాండిలుకు రెండు వైపులా సంచులు తగిలిస్తే బండి తిరగవలసిన చోట తిరగదు. బరువు వెనక సీటు మీద, తక్కువ ఎత్తులో, తాడుతో కాక రబ్బరు పట్టీతో గట్టిగా కట్టాలి. ఆడవారు వెనక కూర్చునేటప్పుడు చీర కొంగు, చున్నీ చక్రంలో పడి ఎన్ని ప్రాణాలు పోయాయో మీ ఊళ్ళోనే ఎవరినైనా అడగండి.

కాగితాల దగ్గర నాకు అసలు భయం పట్టుకుంది. బండి సెకండ్‌హ్యాండుది. కొని ఏడాదిన్నర అయినా ఆర్‌సి ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. "ఆపినప్పుడు చూపిస్తే చాలు కదా" అంటాడు. పోలీసువారి సంగతి వదిలేయండి. ఇన్సూరెన్సులో బండి యజమానికి 15 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. నడిపేటప్పుడు యజమాని చనిపోతే ఆ సొమ్ము కుటుంబానికి వస్తుంది. అయితే బండి అతని పేరు మీద ఉండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి, ఆ బీమా సొమ్ము కట్టి ఉండాలి. వేరొకరి పేరున ఉన్న బండి మీద పోతే ఆ భార్యాబిడ్డలు ఏమని అడుగుతారు? ఈ మాట చెప్పాక అతను చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడే పాత యజమానిని వెతుక్కుంటూ వెళ్ళి, పేరు మార్పిడి చేయించుకొని, బీమా కూడా తన పేరుకు మార్పించుకున్నాడు. ఈ వ్యాసం చదివి మీరు ఇంకేమీ చేయకపోయినా, మీ ఇంట్లో బండి ఆర్‌సి తీసి దాని మీద ఎవరి పేరుందో ఒకసారి చూడండి.

హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వారే. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. ఈ చివరి అంకె చదివిన రోజు నేను ఆ పేజీ మడిచి నా భార్యకు చూపించలేకపోయాను. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొని, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మనకంటే ముందే రోడ్డు మీద పడుతుంది.

ఇక దారి. విజయవాడ మీదుగా వెళ్తే రోడ్డు వెడల్పే గాని చుట్టు, పైగా లారీలు, బస్సుల రద్దీ. అందుకని నార్కెట్‌పల్లి దగ్గర దిగి అద్దంకి రోడ్డు పట్టుకోవాలని నిర్ణయించాము. నల్గొండ, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా అద్దంకి, అక్కడి నుంచి ఒంగోలు. డిసెంబరులో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది గనుక ఏడు గంటలకు ముందు బండి తీయకూడదు. సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. అంటే మన చేతిలో ఉన్నది పదిన్నర గంటలే. ప్రతి 50, 60 కిలోమీటర్లకు పది నిమిషాలు దిగి నడవాలి. మధ్యాహ్నం కడుపు నిండా బిర్యానీ తినకూడదు. భోజనమయ్యాక రెండు నుంచి నాలుగు దాకా నిద్ర ముంచుకొస్తుంది. ఇంటివాళ్ళు మధ్యలో ఫోను చేయకూడదు. ఆగిన చోటునుంచి అతనే చేయాలి.

చివరగా నేను రాయించిన వాక్యం ఇది: ఐదున్నరకు ఎక్కడ ఉంటే ఆ రాత్రికి అక్కడే. ఊరికే అనుకుంటే సరిపోదు, ఉండడానికి చోటు కావాలి. మిర్యాలగూడలో అతని మేనత్త ఉన్నది. నరసరావుపేటలో నాతో బైబిలు కళాశాలలో చదివిన మిత్రుడు పరిచర్య చేస్తున్నాడు. ఇద్దరికీ ముందే చెప్పి ఉంచాము. "ఇంటికి దగ్గరకొచ్చి ఎవరైనా ఆగిపోతారా అయ్యగారూ?" అని అతను నవ్వాడు. 2018లో నేనూ అలాగే నవ్వాను.

డిసెంబరు 23న తల్లీబిడ్డలు బస్సులో పొద్దున్నే ఊరు చేరారు. అతను ఏడింటికి బయలుదేరవలసింది. కూలి డబ్బులు ఇస్తానన్న మేస్త్రి రాక పదకొండయింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర వెనక చక్రం పంక్చరు. సంచిలో ట్యూబు ఉన్నా, వేసేవాడు వచ్చేసరికి ముప్పావు గంట. నరసరావుపేట చేరేసరికి ఐదూ ఇరవై. అప్పుడు ఫోను చేశాడు. "అయ్యగారూ, ఇంకా వంద కిలోమీటర్లే. రెండున్నర గంటలు. పాప నాకోసం మేలుకొని కూర్చున్నదంట." నేనేమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు. ఆ పాప అప్పుడు మా వసారాలోనే, నక్షత్రం కట్టే పిల్లల మధ్య తిరుగుతోంది. కొంచెంసేపు ఆగి, తానే, "మీ మిత్రుడి ఇల్లు ఏ వీధిలో అన్నారు?" అని అడిగాడు.

ఆ రాత్రి వాళ్ళ నాన్న కొంచెం అలిగాడు, వంద కిలోమీటర్లకు భయమా అని. మా ఆవిడ ఆ పాపకు ఎడమ చేత్తో అన్నం కలిపి తినిపించి నిద్రపుచ్చింది. మర్నాడు పొద్దున పదింటికి మందిరం ముందు బండి చప్పుడు వినపడింది. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు, పాప గుర్తుపట్టక ఏడ్చింది. తీశాక నవ్వింది. వెనకకు తిప్పి చూస్తే క్యారియరు మీద ఇంకో హెల్మెట్ కట్టి ఉంది, అట్టపెట్టెలోనే, కొత్తది. "ఇది అమ్మగారికి" అన్నాడు.