కుక్కకు పద్ధతి నేర్పాలంటే
(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కుక్క తోక వంకర అంటారు. ఎంత చెప్పినా మారని మనిషిని చూసినప్పుడు మనం ఆ మాట వాడుతూ ఉంటాం. తోక సంగతి నిజమే కాని, కుక్క బుద్ధి కూడా అంతే అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి కథ చెప్పాలి.

మా పుట్టిల్లు మెదక్ జిల్లా టేక్మాల్. ఒక వేసవిలో పిల్లలు పట్టుబట్టి అక్కణ్ణుంచి ఒక నాటు కుక్కపిల్లను హైదరాబాదుకు తెచ్చుకున్నారు. రాజా అని పేరు పెట్టారు. చేటలో పట్టేంత ఉన్నప్పుడు వాడు ఏం చేసినా మాకు ముద్దే. మీదికి దూకినా ముద్దే, చీర కుచ్చిళ్లు పట్టి లాగినా ముద్దే. ఏడాది తిరిగేసరికి వాడు నా నడుం ఎత్తుకు లేచి దూకడం మొదలుపెట్టాడు. ఒకనాడు ఎదురింటి పాప పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. రాజా సంతోషంతోనే మీదికి దూకాడు. పాప మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. అదృష్టం బాగుండి తలకు తగల్లేదు. ఆ రాత్రి మా వారు, "ఇక లాభం లేదు, టేక్మాల్‌లో వదిలేసి వద్దాం" అన్నారు. ఎదురు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

సంగారెడ్డి, జోగిపేట మీదుగా ఊరు చేరాం. మా ఇంటి వెనక చేలో ఒక కురుమాయన గొర్ల మందను ఆపి ఉన్నాడు. వరుసకు నాకు మామ. ఆయన కుక్క మంద పక్కనే పడుకుని ఉంది. బాటన పోతున్న సైకిలు మీదికి ఉరకబోయింది. ఆయన "ఆఁ" అని ఒక్క శబ్దం చేశాడు. అది అక్కడే ఆగి, తిరిగొచ్చి పడుకుంది. ఆయన చెయ్యి కర్ర మీదికి పోనే లేదు.

మా రాజా సంగతి చెబితే మామ నవ్వాడు. "అది కుర్చీ ఎక్కితే మీ ఇంట్ల ఏమంటరు బిడ్డా?" అని అడిగాడు.

ఆలోచించాను. నేను "దిగు" అంటాను. మా వారు "నో" అంటారు. అబ్బాయి "గెట్ డౌన్" అంటాడు. అమ్మాయి "వద్దురా కన్నా" అంటుంది. మా అత్తయ్య "పోనిద్దూ, మూగజీవి" అని బిస్కట్టు ముక్క పెడుతుంది.

"అయిదుగురికి అయిదు మాటలాయె. అది ఎవ్వల మాట ఇనాలె? ముందుగాల మీరు ఒక్క మాట మీదికి రాండ్రి" అన్నాడు.

రాజాను మళ్లీ వెంటబెట్టుకునే వచ్చాం. ఆ తరువాత పశువైద్యుణ్ణి అడిగీ, చదివీ, చేసి చూసీ తెలుసుకున్నవి మీకు చెబుతాను.

మొదటిది వేళ. తిండి రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, ఒకే చోట పెట్టాలి. మనం తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు వెయ్యకూడదు. నిద్ర లేవగానే, తిండి తిన్నాక తప్పకుండా బయటికి తీసుకెళ్లాలి. వేళకు బయటికి వెళ్లే కుక్క ఇంట్లో పాడు చెయ్యడం దానంతటదే తగ్గుతుంది. రోజంతా కట్టేసిన కుక్కలో శక్తి పేరుకుపోతుంది. అది చెప్పులు కొరకక ఏం చేస్తుంది? 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కుక్కను కొట్టడమే కాదు, పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టెయ్యడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమేనంటుంది.

రెండోది మాట. "దిగు", "వద్దు", "కూర్చో", "రా" - ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఇంట్లో ఎవరైనా ఇవే అనాలి. ఒక్కసారే అనాలి. "కూర్చో, కూర్చో, కూర్చోరా" అని పదిసార్లు అంటే, పదోసారి దాకా కూర్చోనక్కర్లేదని మనమే నేర్పినట్టు. మాట వినగానే వెంటనే మెచ్చుకోవాలి. మొదట్లో ఒక చిన్న చపాతీ ముక్క పెడితే సరి. పోను పోను మెచ్చుకోలు ఒక్కటే చాలు.

మూడోది దిద్దడం. దిద్దడమంటే కొట్టడం కాదు. చేస్తున్న తప్పును ఆ క్షణంలోనే ఆపి, దానికి బదులు ఏం చెయ్యాలో చూపించడం. మీదికి దూకితే చేతులు కట్టుకుని వెనక్కి తిరిగి నిలబడండి. మాట వద్దు, చూపు వద్దు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనగానే నిమరండి. షికారులో తాడు గుంజితే స్తంభంలా ఆగిపోండి. తాడు వదులు కాగానే అడుగు వెయ్యండి. ఆటలో చెయ్యి కొరికితే ఆట ఆపి ఒక నిమిషం పక్క గదిలోకి వెళ్లిపోండి. కుక్కకు కావలసింది మనమే కదా, ఆ నిమిషమే దానికి పెద్ద శిక్ష.

ఇందులో ముఖ్యం సమయం. బజారు నుంచి వచ్చి, పొద్దున చింపిన దిండును సాయంత్రం చూపించి తిడితే కుక్కకు ఆ రెంటికీ సంబంధం తెలియదు. "అదేమిటి, తప్పు చేసినట్టు తల దించుకుంటుందిగా" అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు దీన్నే పరీక్షించింది. తప్పు చేసిన కుక్కా, చెయ్యని కుక్కా తిట్టినప్పుడు ఒకేలా మొహం పెట్టాయి. అంటే ఆ తల దించుకోవడం మన గొంతుకు భయపడి. పశ్చాత్తాపం కాదు.

ఇంకో మాట వింటూ ఉంటాం. కుక్క తోడేలు జాతిది కాబట్టి మనం దానికి నాయకుడిలా ఉండి, బలం చూపి లొంగదీయాలని. తోడేళ్ల గురించి ఏళ్ల తరబడి పరిశోధించిన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే ఆ అభిప్రాయాన్ని 1999లో సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ వాటి పిల్లలేనట. పెత్తనం కోసం పోట్లాట కాదు, ఒక సంసారం. అమ్మలకు ఇంతకంటే విడమర్చి చెప్పాలా?

మన హైదరాబాదు దగ్గర మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకు శిక్షణ ఇస్తారు. అక్కడ కుక్కతో బాటు దాన్ని నడిపే మనిషికీ శిక్షణే. కుక్క ఒక్కటే నేర్చుకుంటే చాలదన్నమాట.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కుక్క గుర్రుమంటే కొట్టకండి. గుర్రు అనేది "నా దగ్గరికి రావద్దు" అని అది చేసే హెచ్చరిక. కొట్టి ఆ నోరు నొక్కేస్తే రేపు గుర్రుమనకుండానే కరుస్తుంది. ఆగి, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి, కారణం వెతకండి. చెవిలో చీము, గోమార్ల బాధ, పంటి నొప్పి కూడా కావచ్చు. నిన్నటిదాకా మంచిగా ఉన్న కుక్క ఒక్కసారిగా మారితే ముందు పశువైద్యుడికి చూపించాలి. తింటున్న కుక్క దగ్గరికీ, నిద్రపోతున్న కుక్క దగ్గరికీ పిల్లల్ని పోనివ్వకండి. రేబీస్ టీకా ఏటేటా వేయించండి. ఎవరినైనా కరిస్తే, గీరితే పుండును సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు.

ఇవన్నీ చేస్తే వారంలో మారిపోతుందా అంటే, మారదు. మా ఇంట్లో అందరికంటే ఆలస్యంగా మారింది కుక్క కాదు, మా అత్తయ్య. కుర్చీ ఎక్కినప్పుడు పెట్టే బిస్కట్టు మానడానికి ఆవిడకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రాజా తన బొంత మీద కూర్చున్నాకే పెడుతుంది. "కూర్చున్నాడే, చూశావా" అని తానే నేర్పినట్టు మురిసిపోతుంది.

మొన్న ఎదురింటి పాప మళ్లీ తోడుకు వచ్చింది. గడప దగ్గరే నిలబడి, "ఆంటీ, రాజాను పట్టుకోండి" అంది. నేను పట్టుకోలేదు. "కూర్చో" అన్నాను, ఒక్కసారే. వాడి తోక మాత్రం బొంత మీద టపటపా కొట్టుకుంటూనే ఉంది. పాప లోపలికి వచ్చి, గిన్నెలో తోడు వేయించుకుని, వెళుతూ వెళుతూ వాడి మెడ కింద మెల్లగా నిమిరింది.

గ్యాసు సిలిండరు అబ్బాయిని చూస్తే ఇంకా మొరుగుతూనే ఉన్నాడనుకోండి. దాని మీద ఇంకా పని చేస్తున్నాం.

సెలవు.