ఉద్దానంలో క్యాన్సర్ విరాళాలు: వలంటీర్లతో ఏం మాట్లాడాలి?

కాలేజీలో బాగా మాట్లాడతారని పేరుంటే ఎప్పుడో ఒకప్పుడు మీకు ఈ పని పడుతుంది. ఏదో స్వచ్ఛంద సంస్థ క్యాన్సర్ రోగుల కోసం విరాళాలు సేకరిస్తుంటుంది. ముప్పై నలభై మంది వలంటీర్లు వస్తారు, అందరూ డిగ్రీ, బీటెక్ పిల్లలే. డబ్బాలు, బ్యాడ్జీలు పట్టుకుని ఊళ్లోకి బయల్దేరే ముందు మైక్ మీ చేతికిచ్చి ‘కాస్త ఇన్‌స్పైరింగ్‌గా ఓ పది నిమిషాలు చెప్పండి’ అంటారు. చాలామంది వెంటనే ఫోన్ తీసి కొటేషన్లు వెతుకుతారు.

పలాస, టెక్కలి వైపు ఇలాంటి సభల్లో నేను కింద కూర్చుని విన్నాను, మైక్ పట్టుకుని మాట్లాడాను కూడా. అక్కడ కొటేషన్లు పనిచెయ్యవు. ఎదురుగా కూర్చున్న పిల్లలకి జబ్బు గురించి వక్త కన్నా ఎక్కువ తెలుసు.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల పేర్లు చెబితే కొబ్బరి, జీడితోటల కన్నా ముందు కిడ్నీ జబ్బే గుర్తొచ్చే పరిస్థితి. ఎన్ని పరిశోధనలు జరిగినా దీనికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటల డయాలసిస్ అంటే ఏంటో చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన కుర్రాడు ముందు వరసలో ఉంటాడు. అతనితో ‘చిరునవ్వుతో జబ్బుని జయించాలి’ అంటే ఏమనుకుంటాడు? మర్యాదకి చప్పట్లు కొడతాడు, అంతే.

అందుకే నా ఉద్దేశంలో వలంటీర్లతో మాట్లాడేటప్పుడు పని ఒక్కటే. ఇంకో గంటలో వాళ్లు ఒక గడప ముందు నిలబడతారు. అక్కడ వాళ్ల నోటికి అందే మాట మనం ఇవ్వాలి.

‘కిడ్నీకి ఇస్తాం గానీ, ఇదేటి?’

ఉద్దానంలో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. న్యాయమైన ప్రశ్న కూడా. దీన్ని దాటేసి ‘మానవత్వం’ అని మొదలుపెడితే వలంటీర్ రెండో ఇంటి దగ్గరే ఆగిపోతాడు. ఏ జబ్బు పెద్దది అనే పోటీలోకి అస్సలు దిగొద్దని చెప్పాలి. తేడా దూరంలో ఉంది, అది చెబితే చాలు.

కిడ్నీ జబ్బు కోసం పలాసలోనే 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. బాధలు తీరిపోయాయని కాదు, చికిత్స కొంత దగ్గరికి వచ్చింది. క్యాన్సర్‌కి పెద్ద చికిత్స కావాలంటే ఇక్కడివాళ్లు ఎక్కువగా చూసేది విశాఖ వైపే. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది అక్కడి అగనంపూడిలో. పలాస నుంచి దాదాపు రెండొందల కిలోమీటర్లు. రేడియేషన్ చికిత్స ఒక్కరోజులో అయ్యేది కాదు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. మందస నుంచి రోజూ వెళ్లి రాగలరా? ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం ఆసుపత్రి ఖర్చు చూసుకుంటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి మానేసి అమ్మ పక్కన నెలన్నర కూర్చున్న కూతురి సంగతి ఎవరు చూస్తారు? గది అద్దె, రెండు పూటలా భోజనం? విరాళం వెళ్లేది అక్కడికి. ఈ లెక్క విన్న వలంటీర్‌కి ధైర్యం వస్తుంది, ఎందుకంటే తను దేనికి అడుగుతున్నాడో ఇప్పుడు తనకి తెలుసు.

మామ్మ చుట్ట

ఇంకో విషయం ఉంది. ఇది ఈ తీరానిదే. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మన దగ్గర అడ్డపొగ అంటారు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. మీలో చాలామంది మామ్మనో, పక్కింటి పెద్దమ్మనో అలా చూసే ఉంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు, ఈ అలవాటున్న చోట కాదు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చిన ఒక అధ్యయనం కోసం మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అంటే మన మామ్మల గురించి ప్రపంచం యాభై ఏళ్ల కిందటే చదివింది. మన కాలేజీల్లో మాత్రం ఎవరూ చెప్పరు!

నేను ఎక్కడ మాట్లాడినా వదలకుండా చెప్పేది దాని తర్వాతి కథ. 1986లో లాన్సెట్ పత్రికలో మరో అధ్యయనం వచ్చింది. మన శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్... మూడు జిల్లాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవాళ్లని ఏటేటా కలిసి, మనిషి మనిషితో మాట్లాడి, సినిమాలు, రేడియో లాంటివి కూడా వాడి, మానమని చెప్పారు. ఆపరేషన్లు లేవు, కొత్త మందు లేదు. మాటే. మానేసినవాళ్ల సంఖ్య పెరిగింది. ఎర్నాకుళంలో నోట్లో క్యాన్సర్‌కి ముందు వచ్చే తెల్లమచ్చలు కూడా తగ్గాయి. గడప ముందు నిలబడి మాట్లాడటం చిన్న పనేమో అనుకునే వలంటీర్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఎంత అడగాలి?

‘మీకు తోచినంత’ అనొద్దు. అంకె చెప్పాలి. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ గురించి వినే ఉంటారు. 1977లో ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయింది. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో దేశానికి అడ్డంగా పరుగు మొదలుపెట్టాడు. మొదటి రోజుల్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. పోర్ట్ ఓ బాస్క్ అనే ఊళ్లో పదివేల మంది జనాభా ఉంటే పదివేల డాలర్లు వచ్చాయి. అక్కడి నుంచి అతని లక్ష్యం స్పష్టమైంది: కెనడాలో మనిషికో డాలర్. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక జబ్బు ఊపిరితిత్తులకి పాకి ఆగిపోవాల్సి వచ్చింది. 1981 జూన్‌లో 22 ఏళ్లకే చనిపోయాడు. అంతకు ముందే, ఆ ఫిబ్రవరికల్లా, 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అప్పటి కెనడా జనాభా దాదాపు అంతే. సాధారణంగా వక్తలు అతని కాలు గురించి చెప్పి ఏడిపిస్తారు. వలంటీర్‌కి పనికొచ్చేది మాత్రం ఆ ఒక్క డాలర్.

పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ప్రాక్టీస్‌కి ఇవ్వండి. ఇద్దరిని లేపి, ఒకరిని మామ్మని చెయ్యండి. ఇలా సాగాలి:

‘మామ్మా, మాది ఇక్కడి డిగ్రీ కాలేజీ. క్యాన్సరొచ్చి విశాఖలో ఉన్నోళ్లకి గదికి, తిండికి డబ్బులు పోగు చేస్తన్నాం.’

‘కిడ్నీ వోళ్లకి ఇయ్యమంటే ఇస్తాను గానీ, ఇదేటి బాబూ?’

‘మా ఇంట్లోనూ డయాలసిస్ ఉంది మామ్మా. వాళ్లకి పలాసలో ఆసుపత్రుంది. ఈళ్లు నెలన్నర విశాఖలోనే ఉండాల.’

‘ఎంతియ్యాలేటి?’

‘పది రూపాయలు మామ్మా.’

ఇవ్వకపోతే దణ్ణం పెట్టి పక్కింటికి. వాదించొద్దు. టిత్లీ తుపాను 2018 అక్టోబర్‌లో చెట్లన్నీ కూల్చేశాక ఎన్ని ఇళ్లు ఇంకా తేరుకోలేదో ఈ పిల్లలకి చెప్పక్కర్లేదు. ఇంకోటి, ‘వలంటీర్’ అని పరిచయం చేసుకుంటే పింఛన్ గురించి అడుగుతారు. 2019 నుంచి ఐదేళ్లు ఆ మాటకి మన రాష్ట్రంలో అర్థమే వేరు కదా! కాలేజీ పేరు చెప్పుకోవడం మేలు.

నేను టెక్ రాసేవాణ్ని కాబట్టి ఇది కూడా. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరే కనిపించాలి, మనిషి పేరు కాదు. బయల్దేరే ముందు ప్రతి వలంటీర్ తన ఫోన్‌తో స్కాన్ చేసి రూపాయి పంపి చూడాలి. డబ్బా సాయంత్రం ఇద్దరి ముందే తెరవాలి, లెక్క అప్పుడే షీట్‌లో పడాలి.

ఇక ఉద్యోగాల సంగతి. ఎన్ఎస్ఎస్‌లో ఉంటే రెండేళ్లలో 240 గంటల సేవ ఎలాగూ చెయ్యాలి. రెజ్యూమెలో ‘క్యాన్సర్ అవగాహన కార్యక్రమంలో పాల్గొన్నాను’ అనే లైన్ ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజూ చూస్తారు. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎంతమంది కాదన్నారు, ఆ తర్వాత మీ మొదటి వాక్యాన్ని ఎలా మార్చారు... ఇవి చెప్పండి. సేల్స్, సపోర్ట్, బ్యాంకు, ఏ ఉద్యోగంలోనైనా వాళ్లు వెతికే మనిషి ఈ జవాబులో కనిపిస్తాడు. ఈ వివరాలు గుర్తుండాలంటే అదే రోజు రాత్రి రాసుకోవాలి.

మైక్ తిరిగి ఇచ్చే ముందు రెండు సమాచారాలు కాగితం మీద రాయించండి. ఒకటి, చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్‌పై నూరు శాతం రాయితీ ఉంది. తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి. రెండు, నోట్లో పుండు గానీ మచ్చ గానీ రెండు మూడు వారాలైనా మానకపోతే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. పది రూపాయలు ఇవ్వలేని ఇంట్లో కూడా ఈ రెండూ చెప్పి రమ్మనండి. అడ్డపొగ కాల్చే మామ్మ ఉన్న ఇల్లయితే రెండోది రెండుసార్లు.