భీమవరం చెడింది, ఏలూరు ఆగిపోయింది: ఎందుకు?

గోదావరి జిల్లాల ఊళ్ల పేర్లు ఒక్కో ఫైల్లో ఒక్కోటి రాసి, వాటిని చదివే టెస్టు పైథాన్‌లో పెట్టారనుకోండి. లైనక్స్‌లో అన్నీ పాస్. అదే టెస్టు విండోస్‌లో నడిపితే భీమవరం, కాకినాడ పిచ్చి గుర్తులుగా మారిపోతాయి. ఏలూరు, అమలాపురం, రాజమండ్రి దగ్గరైతే ఎర్రరొచ్చి ఆగిపోతుంది. ఎందుకీ తేడా?

ఫైల్లో ఉండేవి బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు. 'ర' అంటే 224, 176, 176. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకుండా ఫైలు తెరిస్తే, లైనక్స్‌లో పైథాన్ మామూలుగా యూటీఎఫ్-8 అనుకుంటుంది. ఇంగ్లీషు విండోస్‌లో మాత్రం ఇన్నాళ్లూ విండోస్-1252 అనే పాత పట్టిక తీసింది. అందులో బైటుకో గుర్తు. 224 నెత్తిన గీటున్న లాటిన్ అక్షరం, 176 డిగ్రీ గుర్తు. మన 'ర' ఆ మూడు ముక్కలవుతుంది.

ఆ పట్టికలో అయిదు గడులు ఖాళీ: 129, 141, 143, 144, 157. 'ఏ'కి చివరి బైటు 143. అమలాపురంలోని కొమ్ముకి 129. రాజమండ్రిలో ర వత్తుకు ముందుండే పొల్లుకి 141. ఖాళీ గడి తగలగానే పైథాన్ ఆగిపోతుంది. భీమవరంలో, కాకినాడలో అలాంటి బైటు ఒక్కటీ లేదు.

నన్నడిగితే ఆగిపోయిన ఏలూరే నయం. భీమవరం చప్పుడు లేకుండా చెడుతుంది. పేరు ఖాళీగా లేదు కదా అని మాత్రమే చూసే టెస్టు దాన్ని పాస్ చేసేస్తుంది కూడా. రేపు ధాన్యం రసీదు మీద రైతు పేరు అలాగే అచ్చవుతుంది.

ఎలా పట్టుకోవాలి? ముందు ఫైల్లోని బైట్లు అంకెల్లో చూడండి. 224, పక్కన 176 లేదా 177 కనిపిస్తుంటే ఫైలు బాగానే ఉంది, చదవడంలోనే తేడా. అక్షరాల చోట వరసగా 63లు ఉంటే, అవి ప్రశ్నార్థకాలు. పేరు రాసేటప్పుడే పోయింది, ఇక తిరిగిరాదు. అందుకే చదివేచోటా రాసేచోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. జావా 2022లో 18వ వెర్షన్ నుంచి దాన్నే డిఫాల్ట్ చేసింది. అంతకు ముందు వెర్షన్లలో మనమే చెప్పుకోవాలి.

మ్యాక్‌లో ఇంకో చిక్కుంది. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు ఫైలు పేరులోని ఐత్వాన్ని రెండు కోడ్‌లుగా విడదీసి దాచేది. ఫైలుకు కైకలూరు అని పేరు పెడితే, కంటికి అదే కైకలూరు, పోలిస్తే వేరే. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ అనే, కోడ్‌లను కలిపి రాసే రూపానికి మార్చి పోలిస్తే సరిపోతుంది. టెస్టు డేటాలో భీమవరంతో పాటు ఏలూరు, రాజమండ్రి, కైకలూరు తప్పకుండా పెట్టండి.