హెచ్‌-ఇండెక్స్‌లో పట్టని రాజ్‌రెడ్డి

నల్లపాడు పాలిటెక్నిక్‌ అయినా, గుంటూరు బీటెక్‌ కాలేజీ అయినా ఫైనలియర్‌లో ఒకటే హడావుడి: డబ్బులు కట్టయినా రెజ్యూమెలో ఓ పేపరు పడాలి! సరే, దాన్ని చదివేదెవరు?

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గిండీలో చదివింది సివిల్‌ ఇంజినీరింగ్‌. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ, మన మాటను కంప్యూటర్‌ గుర్తుపట్టడం మీద. ట్యూరింగ్‌ అవార్డు 1994లో. అంటే 28 ఏళ్లు! ఈలోగా శిష్యుడు జేమ్స్‌ బేకర్‌ డ్రాగన్‌ను, మరో శిష్యుడు కైఫూ లీ స్ఫింక్స్‌ను తయారుచేశారు. వాళ్లు తర్వాత సొంతంగా చేసిన పనేదీ గురువు హెచ్‌-ఇండెక్స్‌లో కలవదు.

మీకున్న పది పేపర్లకూ పదేసి సైటేషన్లుంటే ఆ ఇండెక్స్‌ 10. వెయ్యి సైటేషన్ల పేపరు ఒక్కటే ఉంటే? 1. (నాకైతే రెండోదే కావాలి.)

గూగుల్‌ స్కాలర్‌లో మీ పేపరు కింద ‘సైటెడ్‌ బై’ నొక్కండి. అన్నీ మీ కాలేజీ పేర్లేనా, ముక్కూమొహం తెలియని ల్యాబ్‌ ఒక్కటైనా ఉందా?