తడి ఎటునుంచి వచ్చింది?

నవంబరు చివర్లో ఒక శనివారం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, పులాస్కీ అనే చిన్న ఊరు. సాల్మన్ నదిలో మోకాళ్లు దాటిన నీళ్లలో నిలబడి ఉన్నాం, నేనూ మా మేనల్లుడూ. టగ్ హిల్ పీఠభూమి మీంచి దిగి ఒంటారియో సరస్సులో కలిసే నది ఇది. చలికాలమంతా స్టీల్‌హెడ్ చేపలు సరస్సులోంచి ఎదురీదుతూ ఇందులోకి వస్తాయి. వాటికోసం గంటలకొద్దీ నీళ్లలో నిలబడే గాలపువాళ్లు నది పొడుగునా కనిపిస్తారు. ఆరోజు వానా మంచూ కలిసి పడుతున్నాయి. గాలపు కర్రకున్న రింగుల్లో నీళ్లు గడ్డకడుతుంటే మావాడు మాటిమాటికీ వేళ్లతో నలిపి రాలుస్తున్నాడు.

నా ఒంటిమీద ఉన్నది వాడి పాత జాకెట్టే. నాలుగేళ్ల కింద ఆరు వందల డాలర్లు పోసి కొన్నాడట. రెండు గంటలు గడిచేసరికి భుజాలూ మోచేతులూ చల్లగా తడిసిపోయాయి.

"ఇది కారుతోందిరా" అన్నాను.

"అంత ఖరీదైంది కారదు మామయ్యా!"

తీరా చూస్తే వాడన్నదే నిజం, జాకెట్ కారలేదు. నేను తడిసిందీ నిజమే. ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలిస్తే, నూట యాభై డాలర్ల లోపు జాకెట్‌ను ధైర్యంగా ఎంచుకోవచ్చు.

మొదట చలి సంగతి. బట్ట వేడిని పుట్టించదు. పుట్టించేది ఒళ్లు. బట్ట చేసేదల్లా పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచడం. ఆ గాలి చోట నీరు చేరిందా, కథ తిరగబడుతుంది. గాలికంటే నీటికి వేడిని మోసుకుపోయే గుణం దాదాపు పాతిక రెట్లు ఎక్కువ. అందుకే చలిలో చేపలకు వెళ్లేవాళ్లు లోపల నూలు బనీను వేసుకోరు. నూలు నీటిని పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగుల లోపలికి తీసుకుని కూడా తడిగా తగలదు. పోగు పైపొర నీటిని తోసేస్తుంది, లోపలి భాగం ఆవిరిని తాగుతుంది. తెలంగాణలో గొర్రెలు కాసేవాళ్లు వానలో నల్ల గొంగడిని తలమీదుగా ముసుగేసుకుని నిలబడటంలో ఉన్న విజ్ఞానం ఇదే.

గొంగడి వానను ఆపుతుంది, నదిని ఆపలేదు. దానికి వేరే పొర కావాలి. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి అతికించి పేటెంటు తీసుకున్నాడు. వాన లోపలికి రాలేదు, చెమట బయటికి పోలేదు. ఆ చిక్కుకు మంచి విరుగుడు దొరకడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీస్తున్నాడు. ఎంత జాగ్రత్తగా లాగినా తెగిపోతున్నాయి. విసిగిపోయి ఒక్కసారిగా గుంజాడు. తెగలేదు, ఎన్నో రెట్లు పొడవు సాగింది. అలా సాగిన టెఫ్లాన్ నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు. నీటిబొట్టు వాటిలో దూరలేదు, ఆవిరి అణువులు మాత్రం తేలిగ్గా దాటిపోతాయి. ఆ పొరే గోర్‌టెక్స్ అయింది.

చవక జాకెట్లలో ఎక్కువగా ఉండేది పాలీయురేథేన్ పొర. చాలావాటిలో రంధ్రాలే ఉండవు. లోపలి తేమను ఆ పదార్థమే పీల్చుకుని అణువు అణువుగా అవతలికి అందిస్తుంది. కాస్త నిదానం, అంతే.

ఆ నిదానం కొంపముంచుతుందా? కొండలెక్కేవాడికైతే ముంచుతుంది. గాలపువాడు నిలబడి ఉంటాడు. నడిచేటప్పుడు పుట్టేంత వేడి నిలబడ్డప్పుడు పుట్టదు. చెమట పట్టేదల్లా కారు దగ్గర్నుంచి నది దాకా బరువైన బూట్లతో నడిచేటప్పుడే. ఆ నడకలో జాకెట్ విప్పి భుజాన వేసుకుంటే, ఆవిరి ఎంత వేగంగా పోతుందన్న దానికోసం అదనంగా పోసే మూడు నాలుగు వందల డాలర్లు మిగిలినట్టే. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

జాకెట్‌కు తగిలించిన చీటీ మీది అంకెలకూ మరీ విలువివ్వనక్కర్లేదు. 10,000 మిల్లీమీటర్లు అంటే పది మీటర్ల ఎత్తున నిలబెట్టిన నీటి బరువును ఆ గుడ్డ ఆపగలదని. వానకది బాగానే సరిపోతుంది. రెండో అంకె, చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందన్నది. దీన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకే గుడ్డకు ఒక్కో పద్ధతిలో ఒక్కో అంకె వస్తుంది. ఒక కంపెనీ అంకెను పక్క కంపెనీ అంకెతో పోల్చి లాభం లేదు.

మరి నేనెందుకు తడిశాను? తామరాకు మీది నీటిబొట్టును తలుచుకోండి. ఆకు మీది మైనమూ సూక్ష్మమైన బొడిపెలూ కలిసి బొట్టును ఉండగా నిలబెడతాయి. జాకెట్ పైగుడ్డకు పూసే రసాయనం పనీ అలాంటిదే. అది అరిగిపోయినా, దానిమీద మట్టీ ఒంటి జిడ్డూ చేపల జిగురూ పేరుకున్నా, నీరు ఉండకట్టడం మానేసి గుడ్డలోకి ఇంకుతుంది. లోపలి పొర చెక్కుచెదరదు, చుక్క కూడా లోపలికి రాదు. కాని బయట నిలిచిన నీటిపొర ఆవిరికి దారి మూసేస్తుంది, గుడ్డను చల్లబరుస్తుంది. వేడన్నం గిన్నె మీద చల్లటి మూత పెట్టి, కాసేపాగి తీసి చూడండి. మూత లోపలి వైపంతా నీటిబొట్లు. నా భుజాల మీది తడి ఆ మూత కింది తడి. నా ఒంటిదే.

ఆ రసాయనాల్లో ఫ్లోరిన్ ఉన్నవి నీటినీ నూనెనూ రెండింటినీ తోసేవి. అవి మట్టిలో, నీటిలో తేలిగ్గా విడిపోయి నశించవు. నది కోసం వేసుకునే బట్టే నదిని పాడుచేయడం నాకు మింగుడుపడని సంగతి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి బట్టల్లో వాటి వాడకాన్ని చాలావరకు నిషేధించడం మంచి పని. ఫ్లోరిన్ లేని పూతలు నీటిని బాగానే తోస్తాయి గానీ జిడ్డుకు లొంగిపోతాయి. అందుకని తరచుగా ఉతకాలి.

ఇక కొనేటప్పుడు చేత్తో తడిమి చూడాల్సినవి. మొదట కుట్లు. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉన్నట్టే. లోపలి వైపు తిప్పి చూస్తే ప్రతి కుట్టు మీదా టేపు అతికించి ఉండాలి. కొన్నిటికి భుజాలకూ టోపీకీ మాత్రమే అతికించి సరిపెడతారు. అలాంటివి ఎంత చవకైనా వద్దు.

తర్వాత మణికట్టు. గాలం విసరడానికి చెయ్యెత్తినప్పుడల్లా దారం మీది నీళ్లు ముంజేతి మీదుగా మోచేతి దాకా జారతాయి. పట్టిన చేపను వదలడానికి చెయ్యి నీళ్లలో ముంచితే నది నేరుగా చొక్కాలోకి వస్తుంది. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి మరీ దగ్గరగా ఉంటాయి, అక్కడ తగిలిన చలి ముందు వేళ్లనే మొద్దుబారుస్తుంది. మెత్తటి నియోప్రీన్ పట్టీ, దానిపై బిగించుకునే వెల్క్రో ఉన్న జాకెట్ దొరికితే మిగతావాటిలో కొంత సర్దుకోవచ్చు.

పొడవు నడుము దాకా చాలు, అంచు నీళ్లలో నానకూడదు. లోపల ఉన్ని స్వెటరు పట్టేంత వదులుండాలి. నీళ్లలో దిగడానికి తొడుక్కునే, ఛాతీ దాకా వచ్చే వేడర్స్‌కు నడుము దగ్గర బెల్టు బిగించనిదే నదిలో దిగకూడదన్నది వేరే చెప్పాలా? కాలు జారినా, ఆ బెల్టే మంచునీటిని చాలావరకు లోపలికి రాకుండా ఆపుతుంది.

సాయంత్రం ఇంటికి రాగానే మావాడు జాకెట్ జిప్పులన్నీ మూసి, మృదువుగా చేసే ద్రావకం కలపకుండా, సబ్బు పోయేలా రెండుసార్లు ఝాడించి ఉతికాడు. డ్రయ్యర్‌లో తక్కువ వేడిమీద ఇరవై నిమిషాలు తిప్పాడు. ఆ వేడికి పూత మళ్లీ సర్దుకుంటుంది. బయటికి తీసి, వంటింటి కుళాయి కింద జాకెట్ పట్టాడు.

"చూడు మామయ్యా."

నీళ్లు ముత్యాలై దొర్లిపోయాయి. భుజాల దగ్గర మాత్రం, సంచీ పట్టీ రాసుకునే చోట, అరచేయంత మేర నల్లగా ఇంకింది. అక్కడికి కొత్త పూత సీసా తెప్పించాలన్నాడు. పన్నెండు డాలర్లట.